ముఖానికి పూసే ట్యూబు మానితే మంటా? కంగారుపడకండి, మళ్ళీ పూయకండి



కాన్పు సలహా కోసమో, కుటుంబ నియంత్రణ మాత్రల కోసమో ఆరోగ్య కేంద్రానికి వచ్చే తల్లులలో కొందరు వచ్చిన పని అయిపోయాక, లేచి వెళ్ళబోతూ, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని మెల్లగా ఒక మాట అడుగుతుంటారు. "సిస్టరమ్మా, ట్యూబు పూసినన్నాళ్ళు ముఖం బాగానే ఉంటోంది. మానితే చాలు, మంట, దురద, పొక్కులు. మళ్ళీ పూయమంటారా?"

ఈ ప్రశ్నకు జవాబే ఈ పాఠం. భార్యాభర్తలు ఇద్దరూ కలిసి చదవండి. చదవడం రానివారికి చదివి వినిపించండి.

మంగు ఎందుకు వస్తుంది?

ట్యూబు సంగతికి ముందు మచ్చల సంగతి తెలుసుకోవాలి. ఆడవాళ్ళలో చాలామంది మొదటిసారి ట్యూబు కొనేది మంగు కోసమే.

గర్భం వచ్చినప్పుడు ఒంట్లో కొన్ని హార్మోనులు పెరుగుతాయి. చర్మానికి రంగునిచ్చే కణాలను అవి ఉసిగొల్పుతాయి. దానికి ఎండ తోడైతే బుగ్గల మీద, నుదుటి మీద, పై పెదవి మీద గోధుమ రంగు మచ్చలు పడతాయి. వీటినే మంగు అంటాం. ఈస్ట్రోజెన్ హార్మోను ఉన్న గర్భనిరోధక మాత్రలు, అంటే మాలా-ఎన్ వంటివి, వాడేవారిలో కూడా కొందరికి మంగు రావచ్చు. అందరికీ రాదు.

మంగు అంటురోగం కాదు. కాలేయం చెడిపోయిందనడానికి గుర్తూ కాదు. దానివల్ల ప్రాణానికి ముప్పు లేదు. గర్భంతో వచ్చిన మంగు కాన్పయ్యాక కొన్ని నెలల్లో చాలామందికి తగ్గుముఖం పడుతుంది. అంతవరకు ఆగలేక, ఎవరో చెప్పారని మందుల షాపులో ఒక ట్యూబు కొంటాం. అక్కడే చిక్కు మొదలవుతుంది.

ఆ ట్యూబులో ఏముంది?

ముఖం తెల్లబడుతుందని, మచ్చలు పోతాయని చేతికిచ్చే చాలా ట్యూబులలో స్టెరాయిడ్ మందు ఉంటుంది. పెట్టె మీద చిన్న అక్షరాలలో పేరు ఉంటుంది, చూడండి: బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్. ఇవన్నీ స్టెరాయిడ్లే. తామరకు, గజ్జలలో దురదకు అమ్మే కొన్ని కలగలుపు ట్యూబులలోనూ ఇవే ఉంటాయి. భర్త గజ్జల దురదకు తెచ్చుకున్న ట్యూబే భార్య ముఖానికి ఎక్కడం చాలా ఇళ్ళలో జరిగేదే.

ఇది అరుదైన సంగతి కాదు. మన దేశంలో 12 కేంద్రాలలో ముఖ చర్మవ్యాధులతో వచ్చిన 2926 మందిని చర్మవైద్యులు పరిశీలించగా, 433 మంది ముఖానికి స్టెరాయిడ్ పూస్తున్నట్లు తేలింది. ఈ ఫలితాలు 2011లో ప్రచురించారు. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితాలో చేర్చింది. కాబట్టి చీటీ లేకుండా అడగకండి, ఇచ్చినా తీసుకోకండి.

మానితే మంట ఎందుకు?

స్టెరాయిడ్ పూయగానే చర్మం కింది సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఎర్రదనం, వాపు, దురద అణిగిపోతాయి. వారం పది రోజుల్లో ముఖం తేటగా కనబడుతుంది. "ఎంత మంచి మందో!" అనుకుంటాం.

లోపల జరిగేది వేరు. నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది. ముఖ చర్మం అసలే పల్చన. ముంజేతి మీద పూసిన మందు ఎంత లోపలికి ఇంకుతుందో, నుదుటి మీద దానికి సుమారు 6 రెట్లు, దవడ మూల దగ్గర సుమారు 13 రెట్లు ఇంకుతుందని 1967లోనే శాస్త్రజ్ఞులు కొలిచి చూపారు. అందుకే కాలికి పనికివచ్చిన మందు ముఖానికి కీడు చేస్తుంది. మొటిమలు లేస్తాయి, అవాంఛిత రోమాలు పెరుగుతాయి, ఎర్రటి నరాలు దారపు పోగుల్లా బయటికి కనబడతాయి, ఎండకు, పొయ్యి సెగకు ముఖం భగ్గున మండుతుంది.

ఇక మందు మానిన రోజు, ఇన్నాళ్ళు ముడుచుకుని ఉన్న రక్తనాళాలు ఒక్కసారి విచ్చుకుంటాయి. అణిగి ఉన్న వాపు పైకి తన్నుకువస్తుంది. కొందరికి రెండు మూడు రోజులలో, కొందరికి వారం రెండు వారాలలో ముఖం ఎర్రబడి, మండి, దురదపెట్టి, పొక్కులు వచ్చి, పొట్టు రాలుతుంది. ఇది కొత్త రోగం కాదు. ట్యూబు లేకపోతే మీ ముఖం బతకదనడానికి రుజువూ కాదు. అప్పు చేసి పప్పుకూడు తిన్నట్టు, ఇన్నాళ్ళు అప్పుగా తెచ్చుకున్న తేటదనానికి ఇది వడ్డీ. మళ్ళీ ట్యూబు పూస్తే ఆ పూటకు మంట తగ్గుతుంది, అప్పు మాత్రం పెరుగుతుంది. ఈసారి మానినప్పుడు మంట ఇంకా ఎక్కువగా వస్తుంది.

ఈ మంట ఎన్నాళ్ళుంటుంది? కొద్దికాలం వాడినవారికి కొన్ని వారాలు. ఏళ్ళ తరబడి వాడినవారికి కొన్ని నెలలు పట్టవచ్చు. తగ్గడం కూడా తిన్నగా తగ్గదు. నాలుగు రోజులు బాగుండి రెండు రోజులు మళ్ళీ రేగుతుంది. ఇలా రేగడం చూసి దిగులుపడి ట్యూబు వైపు చెయ్యి చాపకండి.

మానే పద్ధతి

కొద్ది రోజులే వాడినవారు ఆపేయవచ్చు. నెలల తరబడి వాడినవారు ట్యూబును, పెట్టెను వెంట తీసుకుని డాక్టరు వద్దకు వెళ్ళాలి. కొందరిచేత డాక్టరు ఒక్కసారే మాన్పిస్తారు. కొందరికి తక్కువ శక్తిగల మందుకు మార్చి మెల్లమెల్లగా మాన్పిస్తారు. స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటున్నవారు మాత్రం వాటిని సొంతంగా ఒక్కసారి ఆపకూడదు. అలా ఆపితే ప్రాణాపాయం కలగవచ్చు.

ఇంట్లో చేయవలసినవి

1. ముఖం రోజుకు రెండుసార్లు మామూలు నీళ్ళతో కడగండి. వేడినీళ్ళు వద్దు. సబ్బు మానండి, లేదా డాక్టరు చెప్పిన మెత్తని సబ్బు వాడండి. తువ్వాలుతో రుద్దకుండా అద్దండి.

2. మంటగా ఉన్నప్పుడు కాచి చల్లార్చిన నీళ్ళలో శుభ్రమైన పాత నూలుగుడ్డ తడిపి పిండి, ముఖం మీద పది నిమిషాలు పరచండి. రోజుకు మూడు నాలుగుసార్లు చేయవచ్చు.

3. తడి పూర్తిగా ఆరకముందే వాసన, రంగు లేని వాసెలిన్ పలుచగా రాయండి. చర్మంలోని తడి నిలిచి పొట్టు తగ్గుతుంది. మొటిమల వంటి పొక్కులు ఎక్కువగా ఉంటే జిడ్డు పూతలు పడకపోవచ్చు, డాక్టరును అడిగి వాడండి.

4. ఎండలో పనికి వెళ్ళేటప్పుడు గొడుగో, వెడల్పు తలగుడ్డో తప్పనిసరి. మంగుకు కూడా ఇదే మొదటి మందు.

5. పొయ్యి సెగకు ముఖం దూరంగా పెట్టండి. మిరపకాయలు కోసినా, దంచినా, పురుగుమందు చల్లే చోట పనిచేసినా ఇంటికి రాగానే చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ చేతులతో ముఖం ముట్టకండి.

6. గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోండి. దురద వేస్తే గోకకుండా తడిగుడ్డ వేయండి.

చేయకూడనివి

పసుపు, నిమ్మరసం, టమాటా, వంటసోడా, పళ్ళపొడి, పళ్ళపేస్టు, ఆకుపసర్లు ఏవీ రేగిన ముఖానికి రాయకండి. ముఖానికి పసుపు రాసుకోవడం మన ఆచారమే, కాదనం. కాని పుండైన చర్మానికి కొన్నాళ్ళు సెలవు ఇవ్వండి. పసుపు పాదాలకు రాసుకోండి. బొట్టు బిళ్ళ జిగురు పడకపోతే దాన్నీ ఆపండి. బ్లీచింగు వద్దు. "ఇది స్టెరాయిడ్ కాదు, ఆయుర్వేదం" అని పేరూ ఊరూ లేని డబ్బాలలో అమ్మే తెల్లబరిచే క్రీములను నమ్మకండి. లోపల ఏముందో రాయని మందు మనకు వద్దు.

వెంటనే డాక్టరుకు చూపించవలసిన గుర్తులు

ముఖం బాగా వాచినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, నీటి పొక్కులు గుత్తులుగా లేచినా ఆలస్యం చేయకండి. కంటి చుట్టూ స్టెరాయిడ్ పూసినవారికి చూపు మసకబారినా, కన్ను నొప్పి పుట్టినా కంటి డాక్టరుకు చూపించాలి. ఈ మందువల్ల కంట్లో శుక్లాలు, నీటికాసులు రావచ్చు. ఒళ్ళంతా ఎక్కువగా పూసినవారికి మానిన తర్వాత నీరసం, వాంతులు, కళ్ళు తిరగడం ఉంటే అది కూడా వెంటనే చెప్పాలి. మంట తగ్గించడానికి స్టెరాయిడ్ కాని పూతమందులు, మాత్రలు ఉన్నాయి. వాటిలో కొన్ని గర్భిణులకు పనికిరావు. కనుక నెల తప్పి ఉంటే ఆ మాట ముందే డాక్టరుతో చెప్పండి.

గర్భిణులకు, బాలింతలకు

మచ్చలకు అమ్మే కొన్ని ట్యూబులలో స్టెరాయిడ్‌తోపాటు హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ అనే మందులు కూడా కలిపి ఉంటాయి. గర్భిణులు వీటికి దూరంగా ఉండాలి. ఎక్కువ శక్తిగల స్టెరాయిడ్‌ను గర్భిణి ఎక్కువ మోతాదులో పూస్తే కడుపులో బిడ్డ ఎదుగుదల తగ్గే ప్రమాదం ఉంది. బాలింతలు ముఖానికి ఏది పూసినా, బిడ్డ బుగ్గ తల్లి బుగ్గకు ఆనుతుందని మరవకూడదు. తల్లి ట్యూబు బిడ్డ చర్మానికీ చేరుతుంది.

మచ్చలకు భయపడి మాత్రలు మానకండి

"మాత్రలవల్లే మంగు వచ్చింది" అని ప్యాకెట్టు మధ్యలో మాత్రలు పారేసి, ఎవరికీ చెప్పని ఇల్లాళ్ళు ఉన్నారు. మాత్ర మానిన మర్నాడే మంగు పోదు, నెలలు పడుతుంది. అనుకోని గర్భం మాత్రం అంతకన్నా ముందే రావచ్చు. ఆ గర్భంతో మంగు మరింత ముదరవచ్చు. కాబట్టి ఒక పద్ధతి మానే ముందు మరొక పద్ధతి చేతిలో ఉండాలి.

ఏ.ఎన్.ఎం. అమ్మతోనో, ఆశా కార్యకర్తతోనో విషయం చెప్పండి. నిరోధ్ ఉంది. హార్మోనులు లేని కాపర్-టి ఉంది. ఈస్ట్రోజెన్ లేని "ఛాయ" మాత్ర ఉంది. ఛాయను మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకసారి వేసుకోవాలి. దాని పేరు ఛాయే గాని ఒంటి ఛాయను మార్చేది కాదు సుమా! పిల్లలు ఇక చాలనుకున్నవారికి ఆపరేషను ఉంది, మగవారి వేసెక్టమీ తేలికైనది. వీటిలో మీకు ఏది నప్పుతుందో పరీక్ష చేసి చెబుతారు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఈ సేవలు ఉచితం.

భర్తలకు ఒక మాట

బజారు నుంచి ఆ ట్యూబు తెచ్చేది చాలాసార్లు మీరే. మంచి మనసుతోనే తెస్తారు. ఇకమీదట చీటీ లేకుండా తేకండి. ఆమె ట్యూబు మానిన మొదటి వారాలలో ముఖం చూడటానికి బాగుండకపోవచ్చు. ఆ రోజుల్లో "ముఖమేంటి ఇట్లా అయింది?" అని మీరన్నా, అత్తగారన్నా, ఆమె చాటుగా మళ్ళీ ట్యూబు తీస్తుంది. "తగ్గుతుందిలే, డాక్టరు చెప్పారుగా" అనే మీ ఒక్క మాట ఆమెను నిలబెడుతుంది. ఎండపనిలో, పొయ్యి దగ్గర నాలుగు రోజులు చెయ్యి సాయం పట్టండి.

మీ గజ్జల దురద సంగతి కూడా దాచుకోకండి. తామర శిలీంధ్రంవల్ల వస్తుంది. దానికి స్టెరాయిడ్ పూస్తే పైకి అణిగి లోపల పాకుతుంది, ఇంటిల్లిపాదికీ అంటుతుంది. భార్యాభర్తలిద్దరూ కలిసి చూపించుకోండి. తువ్వాళ్ళు, లోబట్టలు వేరువేరుగా వాడి, ఎండలో ఆరేయండి.

స్టెరాయిడ్ చెడ్డ మందా?

కాదు. ఎగ్జిమా వంటి జబ్బులకు 1952 నుంచి చర్మవైద్యులు దీన్ని వాడి ఎందరికో ఉపశమనం ఇచ్చారు. కత్తి కూరగాయలు తరగడానికీ పనికివస్తుంది, వేలు తెగడానికీ కారణమవుతుంది. మీ బిడ్డకు ఎగ్జిమా ఉండి డాక్టరు రాసిచ్చిన పూతమందు వాడుతుంటే, ఈ కరపత్రం చదివి ఆపేయకండి. ఎక్కడ, ఎంత, ఎన్ని రోజులు అని అడిగి వాడండి. పెద్దవారి చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత వరకు పిండిన మందు, రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. చెప్పిన రోజులు పూర్తికాగానే ఆపాలి. మిగిలిన ట్యూబును పక్కింటివారికి ఇవ్వకూడదు.

గుర్తుంచుకోండి

చీటీ లేని ట్యూబు ముఖానికి వద్దు.
మానినప్పుడు వచ్చే మంట తగ్గేదే. మళ్ళీ పూస్తే పెరిగేదే.
నీళ్ళు, తడిగుడ్డ, వాసెలిన్, నీడ: ఇవి ఇంటి మందులు. మిగిలింది డాక్టరు చూస్తారు.
మచ్చల కోసం మాత్రలు మధ్యలో మానకండి. అడిగి మార్చుకోండి.

ఇంట్లో వాడుతున్న ట్యూబులన్నీ ఒక సంచిలో వేసుకుని ఈసారి ఆరోగ్య కేంద్రానికి వచ్చేటప్పుడు తీసుకురండి. ఏది ఉంచుకోవాలో, ఏది పారేయాలో కలిసి చూద్దాం.