చేరదీసిన పశువు, నాటు విత్తనం: చిన్న కమతంలో రెండింటి లెక్క ఒక్కటే



గండికోట చూడవచ్చినవారు పెన్న లోయను చూసి మురిసిపోతారు. కోటలోపలి ధాన్యాగారం దగ్గర నిలబడేవారు తక్కువ. అంత పెద్ద రాతి కట్టడాన్ని గింజల నిల్వకు కేటాయించారంటే, వాన నమ్మలేని సీమలో నిల్వకు ఎంత విలువ ఉన్నదో గ్రహించవచ్చు. నేడు కొండ కింద జలాశయంలో నీరు కనిపించినా, చుట్టుపట్ల మెట్ట చేలు అనేకం ఇంకా వాననే నమ్ముకొని ఉన్నాయి.

మన సభ్యులలో కొందరు వట్టిపోయిన ఆవులను, తల్లి లేని దూడలను సంతకు పోనీయక చేరదీసి సాకుతున్నారు. నాటు విత్తనాలు వేసుకోవాలనే ఆసక్తి కూడా పెరుగుతున్నది. రెండూ మంచి పనులే. అయితే వీటిని వేర్వేరు వ్యవహారాలుగా చూసినచోట, దయతో తెచ్చిన పశువు ఎండాకాలం వచ్చేసరికి ఎముకల గూడై మళ్ళీ సంతకే చేరుతుంది. కనుక రెండింటినీ ఒకే లెక్కలో వేసుకొనే విధానాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. ముందు వామి, తర్వాత పశువు

మూడు వందల కిలోల లోపు బరువున్న నాటు ఆవుకు రోజుకు సుమారు 6 కిలోల ఎండు మేత కావాలి. వానలు పడ్డాక నాలుగు నెలలు బీడు మీద మేసినా, మిగిలిన ఎనిమిది నెలలకు 1,440 కిలోలు అవసరమవుతుంది. ఇది కేవలం ప్రాణం నిలిపే మేత. చూడి పశువుకు, పాలిచ్చే పశువుకు దాణా, పచ్చిమేత అదనం. వామిలో ఉన్న మేత ముందుగా పాడిపశువుల వాటాకు సరిపోవాలి. మిగిలినదాన్ని 1,440తో భాగిస్తే ఎన్ని పశువులను చేరదీయవచ్చునో తేలుతుంది. చొప్పను నరికి గాడిలో వేస్తే వృథా తగ్గుతుంది.

2. నాటు జొన్న ఎందుకు?

పొట్టి రకాలు గింజ ఎక్కువ ఇచ్చినా చొప్ప తక్కువ. పొడవుగా పెరిగే నాటు జొన్న ఇంటికి గింజ, కొట్టానికి చొప్ప ఇస్తుంది. కొర్ర గడ్డి, అలసంద తీగ, ఉలవ పొట్టు కూడా మేతే. అందువల్ల నాటు విత్తనం పాడి రైతుకు అక్కరకు వచ్చే వస్తువు.

ఒక హెచ్చరిక. లేత జొన్న, వానలేక వాడిన జొన్న, కోసిన మోడు నుంచి వచ్చిన పిలకలు మేసిన పశువు విషమెక్కి నిమిషాల్లో చనిపోవచ్చు. పూత దశకు వచ్చాకే కోసి వేయాలి. బీడుకు తోలే దారిలో అటువంటి చేను ఉంటే కాపలా తప్పనిసరి.

3. కొట్టంలోకి తెచ్చేముందు

కొత్త పశువును మూడు నాలుగు వారాలు మందకు దూరంగా కట్టాలి. దాని కుడితి తొట్టి వేరుగా ఉండాలి. పిడుదులు తీయించి, నట్టల మందు పట్టించాలి. ఈడ్చుకుపోయే రోగం బ్రూసెల్లోసిస్‌కు పరీక్ష చేయించాలి. ఈ రోగం మనుషులకూ సోకుతుంది; కనుక ఈసుకుపోయిన పిండాన్ని వట్టి చేతులతో తాకరాదు, పాలు కాచకుండా తాగరాదు. గాలికుంటు టీకా ఆరు నెలలకు ఒకసారి, 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు బ్రూసెల్లా టీకా ఒకేసారి వేయించాలి. 2022లో దేశమంతటా ముద్దచర్మ వ్యాధి పాకినప్పుడు ఈగలు, దోమలు, పిడుదుల ద్వారా ఒక కొట్టం నుంచి మరొక కొట్టానికి ఎంత వేగంగా చేరిందో సభ్యులు ఎరుగుదురు. ఒకరి అజాగ్రత్త ఊరి పాడికంతకూ నష్టం. చెవిపోగు మీది 12 అంకెల సంఖ్య సరిచూసి, యాజమాన్యం మీ పేరిట మార్పించుకోవాలి.

4. తల్లి లేని దూడ

పుట్టిన గంటలోపు ముర్రుపాలు అందాలి. రోగాలను తట్టుకొనే శక్తి దూడకు వాటి ద్వారానే వస్తుంది. ఒక రోజు గడిస్తే దూడ పేగు ఆ శక్తిని గ్రహించలేదు. తల్లి చనిపోతే అప్పుడే ఈనిన మరొక ఆవు ముర్రుపాలు తాపాలి. 25 కిలోల దూడకు రోజుకు రెండున్నర లీటర్లు, మూడు నాలుగు విడతలుగా, గోరువెచ్చగా ఇవ్వాలి. బొడ్డుకు అయోడిన్ పూయాలి. ఈనిన తొలి అయిదు రోజుల పాలు సంఘానికి పోయరాదు గనుక, అవి ఇరుగుపొరుగు దూడకు ఉపయోగపడితే నష్టమేమీ లేదు.

5. పేడ ఆదాయమే

పాలివ్వని ఆవు సైతం రోజుకు సుమారు 10 కిలోల పేడ వేస్తుంది. ఏడాదికి మూడున్నర టన్నులు. చివికితే దాదాపు సగమవుతుంది. ఎకరానికి 4 టన్నుల ఎరువు తోలాలంటే ఇది సగం ఎకరానికి కూడా చాలదు. కనుక పొలమంతా చల్లక, పెరటి కూరగాయలకు, విత్తనానికి వదిలిన మడికి పెట్టాలి. దిబ్బను ఎండకు వదలక గుంతలో వేసి మట్టి కప్పాలి.

6. విత్తనం ఎత్తి పెట్టుట

కోతకు ముందే చేనిలో తిరిగి, గట్టుపక్క గాక నడిమి నుంచి, తెగులు లేని మంచి కంకులకు గుర్తు కట్టాలి. కొర్ర, అలసంద తమ గుణం సాధారణంగా నిలుపుకొంటాయి. సద్ద, సొర, బీర, దోస పరాగం గాలి వల్లనో తేనెటీగల వల్లనో కలిసిపోతుంది. పక్కన వేరే రకం ఉంటే విత్తనం కల్తీ అవుతుంది. సంకరజాతి గింజ దాచి వేస్తే తల్లి గుణం రాదు. బాగా ఎండిన పప్పుగింజలకు బూడిద, ఎండు వేపాకు కలిపి కుండలో పోసి మూతి మూయాలి. విత్తేముందు నూరు గింజలు తడిగుడ్డలో చుట్టి చూడాలి. ఎనభైకి పైగా మొలిస్తే మంచి విత్తనం.

2001 నాటి చట్టం రైతుకు తన పంట విత్తనాన్ని దాచుకొనే, విత్తుకొనే, మార్చుకొనే, అమ్ముకొనే హక్కు ఇచ్చింది. బ్రాండు పేరుతో మాత్రం అమ్మరాదు.

7. సంఘం చేయదగిన పని

జహీరాబాద్ ప్రాంతంలో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఊరూరా విత్తన నిల్వలు నడిపి, 2019లో ఈక్వేటర్ బహుమతి పొందాయి. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ రైతులను చిరుధాన్యాల సేద్యానికి సహకార పద్ధతిలో కూడగట్టింది. వానలేని సీమలోనూ ఇది సాధ్యమేనని తెలుస్తున్నది. మన పాల సంఘం కూడా పంట చేతికొచ్చిన నెలలోనే చొప్ప కొని నిల్వచేయవచ్చు. ఒక శేరు విత్తనం తీసుకున్న సభ్యుడు పంట వచ్చాక రెండు శేర్లు తిరిగి ఇచ్చే తీర్మానం చేసి, దానికొక చిట్టా పెట్టవచ్చు. ఈ రెండూ సర్వసభ్య సమావేశంలో చర్చించదగినవి.

వచ్చే వేసవిలో వట్టిపోయిన ఆవు ఒకటి మీ వాకిట నిలిచినప్పుడు, జాలిపడటానికి ముందు వామి వైపు ఒకసారి చూడండి. మేత ఉంటే కట్టేయండి. లేకుంటే సంఘంలో చెప్పండి. ఒక్కరి వల్ల కానిది పదిమంది పంచుకుంటే అవుతుంది. సహకారమంటే అదే కదా.