జావాస్క్రిప్టు బిల్డులో ‘లింటు’ కాపలా

ప్రోగ్రాం రాయడం ఒక ఎత్తు, రాసినదాన్ని నమ్మదగినదిగా నిలబెట్టడం మరొక ఎత్తు. మన విద్యార్థి మిత్రులు చాలామంది ప్రాజెక్టులను జావాస్క్రిప్టులో చేస్తున్నారు గనుక, ‘లింటింగు’ అనే పద్ధతిని గూర్చి, దానిని బిల్డులో అమర్చుకొనే తీరును గూర్చి నాకు తెలిసినంత మేరకు ఇక్కడ వివరిస్తాను.

‘లింటు’ అనే మాట మన పత్తి ప్రాంతానికి కొత్త కాదు. జిన్నింగు మిల్లులో గింజ తీసిన దూదిని లింటు అంటారు. బట్టకు అంటుకొనే నూగును కూడా ఆంగ్లంలో లింటు అనే అంటారు. 1978లో బెల్ లాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ ‘సి’ భాషలోని అనుమానాస్పదమైన రాతలను పట్టి చూపే పనిముట్టు ఒకటి తయారుచేసి, ఈ నూగు పేరే దానికి పెట్టాడు. ప్రోగ్రామును నడపకుండానే చదివి, తేడాగా ఉన్న చోట్లను వరుస సంఖ్యతో సహా చెప్పడమే దాని పని.

ఈ అవసరం జావాస్క్రిప్టుకు మరీ ఎక్కువ. 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో దీని తొలి రూపం తయారుచేశాడు. ఉదారమైన భాష. కొన్ని తప్పులు ఆ వరుస నడిచేదాకా బయటపడవు, కొన్ని నడిచినా బయటపడవు. అందుకే 2002లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ‘జేఎస్‌లింట్’ తెచ్చాడు. 2013లో నికొలస్ జాకస్ ‘ఈఎస్‌లింట్’ మొదలుపెట్టాడు. ఇందులో ప్రతి నియమాన్నీ విడివిడిగా పెట్టుకోవచ్చు, తీసేయవచ్చు. అదే దీని బలం.

ఒక ఉదాహరణ చూద్దాం. మా వాడరేవులో చేపలు అమ్మగా వచ్చిన డబ్బులోంచి డీజిలు, ఐసు ఖర్చులు తీసేసి, ఎవరైనా ముందుగా అడ్వాన్సు వాడుకొని ఉంటే ఆ బాకీ కింద కొంత పట్టుకొని, మిగిలింది ఇచ్చే ప్రోగ్రాం రాశామనుకోండి. ‘బాకీ సున్నా అయితే పూర్తి వాటా ఇవ్వు, లేకపోతే ఐదు వందలు పట్టుకో’ అన్న షరతులో మూడు ‘=’ గుర్తులు ఉండవలసిన చోట ఒక్కటే పడింది. జావాస్క్రిప్టు నోరెత్తదు. ఒక్క గుర్తుకు అర్థం ‘సమానమా?’ అని కాదు, ‘సమానం చెయ్యి’ అని. కాబట్టి అందరి బాకీ సున్నా అయి కూర్చుంటుంది! పైగా సున్నాను ఆ భాష ‘కాదు’ అని తీసుకుంటుంది గనుక రెండో దారి పడుతుంది. అంటే అప్పు ఉన్నవాడి అప్పు పుస్తకంలోంచి మాయం, అప్పు లేనివాడి కూలిలో ఐదు వందలు కోత. రెక్కల కష్టం మీద బతికేవాడికి ఇది చిన్న తప్పా? ఈఎస్‌లింట్‌లో సిఫారసు చేసిన నియమాల జాబితా పెట్టుకుంటే చాలు, ఈ వరుసను వెంటనే పట్టేస్తుంది.

ఇక అమరిక. ఈఎస్‌లింట్‌ను ఎన్‌పీఎం ద్వారా ప్రాజెక్టులో చేర్చి, దాని కాన్ఫిగ్ ఫైలులో ఆ సిఫారసు నియమాలను పేర్కొనాలి. తర్వాత ప్యాకేజ్ ఫైలులోని ‘స్క్రిప్ట్స్’ భాగంలో ‘లింట్’ అనే పేరుతో దానిని నడిపే ఆజ్ఞ రాయాలి. అక్కడే ‘ప్రీబిల్డ్’ అనే మరో పేరు పెట్టి, దానిచేత ‘లింట్’ను పిలిపించాలి. ‘బిల్డ్’ అనగానే ఎన్‌పీఎం ముందుగా ‘ప్రీబిల్డ్’ను తనంతట తానే నడుపుతుంది. తప్పు దొరికితే ఈఎస్‌లింట్ 1 అనే సంఖ్యను తిరిగి ఇస్తుంది, బిల్డు అక్కడే ఆగిపోతుంది. తప్పులేమీ లేకపోతే 0 ఇస్తుంది, పని ముందుకు సాగుతుంది.

ఆగిపోవడమే ఇక్కడ ముఖ్యం. ‘వీలున్నప్పుడు లింటు నడుపుదాంలే’ అనుకుంటే పరీక్షల ముందు ఆ వీలు ఎవరికీ దొరకదు. మిరప రైతు తాలు కాయలను కళ్ళంలోనే ఏరించి, ఆ తర్వాతే గుంటూరు యార్డుకు బస్తాలు తోలతాడు. యార్డుకు పోయాక ఏరుదామంటే ధర తెగిపోతుంది. మన కళ్ళం బిల్డే.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. పాత ప్రాజెక్టుకు ఒకేసారి వంద నియమాలు తగిలిస్తే తెర నిండా ఫిర్యాదులు వచ్చి, విసుగుపుట్టి అసలు లింటునే తీసేస్తారు. లెక్కను చెడగొట్టే నాలుగైదు నియమాలను ‘ఎర్రర్’గా పెట్టి, మిగతావి నెమ్మదిగా చేర్చాలి. ‘వార్నింగు’లు మాత్రం బిల్డును ఆపవు. ఆపాలంటే గరిష్ఠ వార్నింగుల సంఖ్యను సున్నాగా నిర్ణయించాలి. రెండవది, ఒక నియమాన్ని ఎక్కడైనా పక్కన పెట్టవలసివస్తే, ఎందుకు పెట్టామో ఆ వరుస పక్కనే రాయాలి. మన తర్వాత చదివేవాడికి అది ఆధారం.

లింటు సర్వజ్ఞురాలు కాదు. పట్టుకోవలసింది ఐదు వందలా, మూడు వందలా అన్నది దానికి తెలియదు. అది రాతను చూస్తుంది గానీ న్యాయాన్ని చూడదు. ఆ పని మనది, లెక్కను పరీక్షించి చూసుకొనే బాధ్యతా మనదే. అయితే కంటికి ఆనని గుర్తులు వెతికే చాకిరీ యంత్రానికి అప్పగిస్తే, న్యాయం సంగతి ఆలోచించే తీరిక మనకు మిగులుతుంది. కాబట్టి మిత్రులారా, ఈసారి ప్రాజెక్టు మొదలుపెట్టే రోజునే, మొదటి పది వరుసలు రాయకముందే, ఈ కాపలా పెట్టుకోండి. అప్పుడు అది ఐదు నిమిషాల పని.