నడకకి మూడు మార్కులు

గోపన్‌పల్లి,
ఆదివారం రాత్రి

అమ్మాయీ,

తప్పు కంప్యూటర్‌ది కాదే. నువ్వేం చెప్పావో అదే కూడి నీకు తిరిగి చూపించింది. నీ మెసేజ్‌లో రాసిన లెక్క మళ్ళీ చూడు. నీ పేషెంట్ ఆవిడకి 66 ఏళ్ళు. రక్తనాళాల్లో గడ్డ కట్టే ముప్పుని కొలిచే పాదువా స్కోరులో వయసుకి మార్కు పడాలంటే 70 నిండాలి కాబట్టి సున్నా. న్యుమోనియాకి 1. పాత సీఓపీడీ ముదిరి ఆక్సిజన్ మీద ఉంది, దానికి 1. బీఎంఐ 31, దానికి ఇంకో 1. మొత్తం 3. నాలుగు వస్తేగాని మీ తెర మీద ఎర్ర గుర్తు రాదు, రాలేదు. నువ్వు పక్క బెడ్‌కి వెళ్ళిపోయావు. మర్నాడు రౌండ్స్‌లో మీ మేడం "ఆరు" అని చెప్పి పొట్ట మీద ఇచ్చే ఇంజెక్షన్ రాసేసరికి నీకు ఉక్రోషం వచ్చింది. "ఎవరి లెక్క కరెక్టు పెదనాన్నా?" అని నన్నడిగావు.

మీ మేడం లెక్కే కరెక్టు.

నువ్వు వదిలేసిన మూడు మార్కులు నడకవి. "బాత్రూంకి తనే వెళ్తోంది కదా, అందుకే నడుస్తోందని టిక్ పెట్టాను" అని రాశావు. అక్కడే దొరికిపోయావు. ఇటలీలో పాదువా వైద్యులు 2010లో ఈ స్కోరు ప్రచురించినప్పుడు ఆ గడికి అర్థం వాళ్ళే చెప్పారు: కనీసం మూడు రోజులు మంచం మీదే ఉండటం, బాత్రూంకి వెళ్ళి వస్తున్నా సరే. ఓపిక లేక ఉన్నా, మనం లేవొద్దన్నందుకు ఉన్నా ఒకటే. మూడు రోజులు గడిచేదాకా ఆగి లెక్కపెట్టమని కూడా కాదు, అలా ఉండబోతోందని నీకు అనిపిస్తే చాలు. మంచానికీ బాత్రూంకీ మధ్య మీ ప్రైవేట్ రూముల్లో ఎంత దూరం ఉంటుంది? నాలుగు అడుగులు. దాన్ని నడక అనుకోకు.

ఈ ఒక్క గడి మీద నేనింత పట్టుబట్టడానికి కారణముంది. స్కోరులో మిగతావి చాలావరకు కేస్ షీట్‌లో దొరుకుతాయి. వయసు, బరువు, క్యాన్సర్, ఈ మధ్య నెలలో ఆపరేషన్, గుండెపోటు, పక్షవాతం, ఏదైనా ఎక్కడో ఒకచోట రాసి ఉంటుంది. నడక రాసి ఉండదు. అది నువ్వు వెళ్ళి చూడాల్సిందే. అయినా దానికి ఎన్ని మార్కులివ్వాలో పెద్దవాళ్ళకే కుదరలేదు. పాదువా వాళ్ళకి ముందు 2005లో బోస్టన్‌లో కంప్యూటర్ హెచ్చరిక పెట్టిన వైద్యులు మంచం పట్టినందుకు ఇచ్చింది ఒక్క మార్కు. పాదువా వాళ్ళు దాన్ని మూడు చేసి, క్యాన్సర్‌తో, ఇంతకుముందు గడ్డ కట్టిన చరిత్రతో సమానంగా కూర్చోబెట్టారు. తర్వాత వచ్చిన ఇంప్రూవ్ స్కోరు మళ్ళీ ఒకటికి దించింది, అదీ ఏడు రోజులు కదలకుండా ఉంటే. పుస్తకంలో స్థిరంగా కనిపించే అంకెల వెనక ఇంత బేరం నడిచింది. నువ్వు పాదువా వాడుతున్నావు కాబట్టి పాదువా వాళ్ళ అర్థమే వాడు. వాళ్ళ మార్కు తీసుకుని ఇంకొకళ్ళ నిర్వచనం తగిలిస్తే లెక్క ఎవరిదీ కాకుండా పోతుంది. బీఎంఐ విషయంలోనూ అంతే. మన దేశస్థులకి 25 దాటితేనే ఊబకాయం అంటాం, కానీ ఈ స్కోరులో హద్దు 30. దాన్ని సొంతంగా సవరించకు.

ఇక వార్డులో నడకని ఎలా కనిపెట్టాలో చెప్తాను. ఇది పుస్తకాల్లో లేదు కాబట్టి కొంచెం సాగదీస్తాను, ఓపిక పట్టు.

"నడుస్తున్నారా అమ్మా?" అని ఎప్పుడూ అడగకు. "ఆఁ, నడుస్తున్నా డాక్టర్" అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. నడవట్లేదంటే డిశ్చార్జి ఆపేస్తారని వాళ్ళ భయం. "పొద్దున టిఫిన్ మంచం మీద తిన్నారా, కుర్చీలోనా?" అని అడుగు. "రాత్రి ఒంటేలుకి ఎవరు లేపారు?" అని అడుగు. ఆ ప్రశ్నతో డైపర్ సంగతి, బెడ్‌పాన్ సంగతి వాటంతట అవే బయటపడతాయి. పెద్దవాళ్ళు డైపర్ గురించి తమంతట తాము డాక్టర్‌కి చెప్పరు, అందులోనూ నీలాంటి ఆడపిల్లకి అసలు చెప్పరు. తర్వాత చెప్పులు చూడు. మంచం పక్కన ఉంటే సరే. సంచీలోనో, బీరువా కింద అరలోనో ఉంటే ఆ మనిషి నడవట్లేదు. చివరికి ఆయాని అడుగు. ఏ బెడ్ పేషెంట్ లేస్తాడో, ఏ బెడ్ పేషెంట్‌ని లేపాలో ఆవిడకి తెలిసినంతగా డ్యూటీ డాక్టర్‌కి తెలియదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. నీ పేషెంట్లలో సగం మంది గోపన్‌పల్లి, నల్లగండ్ల, తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చిన తల్లిదండ్రులు కదా. కొడుకు గచ్చిబౌలిలోనో, కూతురు డాలస్‌లోనో ఉంటారు. ప్రేమకి తక్కువ లేదు. ఆ ప్రేమంతా "అమ్మా, నువ్వు కదలకు" అన్న ఒక్క మాటలోకి దిగుతుంది. పైగా మీ మంచాలకి రిమోట్ ఒకటి, టీవీకి ఇంకోటి. పిక్క కండరం మన అపార్ట్‌మెంట్ బోరు మోటారు లాంటిది, అది ఆడితేనే కింది రక్తం పైకెక్కుతుంది. ఈ సంగతి అటెండెంట్‌కి నువ్వే చెప్పాలి. "విశ్రాంతి తీసుకోమన్నాం గానీ పడుకోమనలేదు" అని నేను రోజూ అనేవాణ్ణి. సిస్టర్లు నన్ను అనుకరించి నవ్వుకునేవారు కూడా. నవ్వుకోనీ.

నడక తర్వాత నువ్వు కచ్చితంగా జారవిడిచేవి ఇంకో రెండున్నాయి, చెప్పేస్తాను. మొదటిది పాత గడ్డ. దానికీ మూడు మార్కులే. "మీకు ఇంతకుముందు డీవీటీ వచ్చిందా?" అంటే ఎవరికి అర్థమవుతుంది? "ఎప్పుడైనా ఒక్క కాలే వాచిందా? రక్తం పలచబడే మందు నెలల తరబడి వాడారా?" అని అడగాలి. ఒకప్పుడు గడ్డ కట్టి అలాగే వాపు నిలిచిపోయిన కాలిని బోదకాలు అనుకుని ఏళ్ళకేళ్ళు తిరిగేవాళ్ళుంటారు. రెండోది హార్మోన్ మాత్రలు. దీనికి ఒక్క మార్కే గాని అసలు ఎవరూ అడగరు. పూజ ఉందనో, పెళ్ళి ఉందనో, తిరుపతి ప్రయాణమనో నెలసరి వాయిదా వేసుకోవడానికి మందుల షాపులో కొనుక్కుంటారే, ఆ నోరెథిస్టిరాన్. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అంటే అది గుర్తుకే రాదు, వాళ్ళ లెక్కలో అది మందు కాదు. ఆ మాత్ర పేరు చెప్పి అడుగు, అదీ అత్తగారు గదిలో లేనప్పుడు.

"మనవాళ్ళకి గడ్డలు తక్కువట కదా" అని మీ సీనియర్ అన్నాడని రాశావు. నేను చదువుకునే రోజుల్లో కూడా ఈ మాట వినేవాణ్ణి. మన చిత్తూరు జిల్లా వాళ్ళంతా పరిగెత్తే వేలూరు సీఎంసీలో 1996 నుంచి 2005 దాకా కేసులు తిరగేస్తే, ప్రతి పదివేల అడ్మిషన్లకి పదిహేడు పైచిలుకు డీవీటీలు, అంటే లోపలి సిరల్లో గడ్డలు, తేలాయి. అవి బయటపడినవే సుమా. ఇక ఎండార్స్ అధ్యయనం ఉంది. 32 దేశాల్లో 68 వేల మంది పేషెంట్లని చూసి 2008లో లాన్సెట్‌లో వేశారు. అందులో మన దేశపు లెక్కని విడిగా 2012లో ప్రచురించింది ఎవరనుకున్నావు? అప్పట్లో మన నిమ్స్‌లో వాస్క్యులర్ సర్జన్‌గా ఉన్న పింజల రామకృష్ణ గారు. ఆ లెక్కలో సగానికి పైగా పేషెంట్లకి గడ్డ ముప్పుంది. ముప్పున్నవాళ్ళలో సరైన రక్షణ అందింది అయిదుగురిలో ఒక్కరికైనా కాదు. మీ సీనియర్‌కి అది ఇచ్చి చదవమను. మర్యాదగా ఇవ్వు, ఎగతాళిగా కాదు.

అలాగని అందరికీ పొడిచెయ్యి అని నేననట్లేదు. పాదువా వాళ్ళ 1180 మందిలో నాలుగూ అంతకు మించి మార్కులొచ్చి మందు పడనివాళ్ళలో మూడు నెలల్లో 11 శాతం మందికి గడ్డ కట్టింది. మందు పడినవాళ్ళకి 2.2 శాతం. నాలుగు లోపు వాళ్ళకి 0.3 శాతమే. ఆ చివరి అంకె గుర్తుపెట్టుకో. వెయ్యిలో ముగ్గురి కోసం వెయ్యి మందికి రక్తస్రావం ముప్పు తగిలించడం వైద్యం కాదు. ఇంకోటి కూడా నీకు దాచకూడదు. 2011లో వచ్చిన లైఫెనాక్స్ ట్రయల్‌లో మన దేశపు పేషెంట్లు కూడా ఉన్నారు. మొత్తం 8307 మంది. ఎనాక్సపారిన్ ఇచ్చినవాళ్ళలో నెల రోజుల్లో చనిపోయింది 4.9 శాతం, ఇవ్వనివాళ్ళలో 4.8. మందు గడ్డల్ని తగ్గిస్తుందని 1999 మెడెనాక్స్ ట్రయల్ నుంచీ మనకి తెలుసు, అక్కడ దాదాపు 15 శాతం నుంచి 5.5కి దిగింది. కానీ వార్డు మొత్తానికీ ఇచ్చినంత మాత్రాన మరణాలు తగ్గలేదు. ఎవరికివ్వాలో ఏరుకోవాలన్న గొడవంతా అందుకే.

మీ సాఫ్ట్‌వేర్ మీద నీ కోపం సంగతి. బోస్టన్ హెచ్చరిక గడ్డల్ని 8.2 నుంచి 4.9 శాతానికి తగ్గించింది, తక్కువేం కాదు. కానీ ఆ హెచ్చరిక చూశాక కూడా రక్షణ రాసింది మూడింట ఒక వంతు పేషెంట్లకే. మిగతావాళ్ళ డాక్టర్లు చూసి ఊరుకున్నారు. నీ ఎర్ర గుర్తు ఎలాగూ రాలేదు కాబట్టి నీకా అవకాశం కూడా దక్కలేదు, పో.

వానాకాలం వస్తోంది, డెంగీ వార్డు నిండుతుంది. అక్కడ నీకో లెక్క. 55 ఏళ్ళ మగమనిషి, ప్లేట్‌లెట్లు 30 వేలు. ఇంప్రూవ్ వాళ్ళ రక్తస్రావం స్కోరు కట్టు: వయసుకి 1.5, మగవాడైనందుకు 1, ప్లేట్‌లెట్లకి 4. మొత్తం 6.5. హద్దు 7. హద్దు దాటలేదు కదా అని ఇంజెక్షన్ రాశావనుకో, నేనే వచ్చి నీ చెవి మెలేస్తాను. 50 వేల లోపు ప్లేట్‌లెట్లు, అందులోనూ రోజురోజుకీ పడుతున్నవి, ఆ ఒక్క కారణం చాలు ఆపడానికి. అలాంటివాళ్ళకి కాళ్ళకి కట్టి గాలితో నొక్కే పంపు పెట్టించు. అది పనిచేస్తుందని 2013లో పక్షవాతం పేషెంట్ల మీద క్లాట్స్ 3 ట్రయల్ చూపించింది. మేజోళ్ళ గురించి అడిగావు కదా, అదే బృందం 2009లో తొడల దాకా వచ్చే మేజోళ్ళని పరీక్షిస్తే గడ్డలు తగ్గలేదు, చర్మం మాత్రం పుండ్లు పడింది. షుగర్ ఉన్నవాళ్ళ కాళ్ళకి అవి తొడిగే ముందు మడమ చూసుకో.

నీ పేషెంట్ దగ్గరికి వద్దాం. ఇంజెక్షన్ ముందు క్రియాటినిన్ చూశారా? నీ మెసేజ్‌లో ఆ మాటే లేదు. క్లియరెన్స్ 30 లోపుంటే ఎనాక్సపారిన్ 40 మిల్లీగ్రాములు అలవాటుగా రాయకండి, డోసు తగ్గించడమో, మామూలు హెపారిన్ 5000 యూనిట్లకి మారడమో చెయ్యాలి. ఇంకోటి, ఆ మందు పంది పేగుల నుంచి వస్తుంది. మన దుండిగల్ వైపు గ్లాండ్ ఫార్మా 1978 నుంచీ పేరు తెచ్చుకున్నది ఈ హెపారిన్‌తోనే. మతం వల్లనో, శాకాహారం వల్లనో అభ్యంతరం చెప్పేవాళ్ళుంటారు. వాళ్ళకి ఫోండాపారినక్స్ ఉంది, అది కృత్రిమంగా చేసేది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి అదీ వద్దు.

మూడు రోజులకోసారి స్కోరు మళ్ళీ కట్టు. ఆవిడ లేచి కారిడార్ చివరిదాకా నడిస్తే ఆ మూడు మార్కులు తీసేసి, ఇంజెక్షన్ సంగతి మేడంతో మాట్లాడు. ఆవిడ ఇంటికెళ్ళేటప్పుడు పిల్లల్ని పక్కకి పిలిచి చెప్పు. ఇలాంటి గడ్డలు చాలావరకు డిశ్చార్జి తర్వాతే కడతాయి, ఒక్క కాలు వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా గ్యాస్ అనుకోకుండా తీసుకురమ్మను. దీన్ని డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాయి, ఇంగ్లిష్‌లో రాస్తే కొడుకు చదువుతాడు, ఇంట్లో ఆవిడతో ఉండేది కోడలో, పనిమనిషో.

నైట్ డ్యూటీ దిగాక బండి మీద రావద్దు, విప్రో సర్కిల్ దగ్గర ఆ టైంలో లారీలుంటాయి. క్యాబ్ చేసుకో. పెద్దమ్మ గోంగూర పచ్చడి కట్టి పెట్టింది. పోయినసారి డబ్బా ఇంకా తేలేదట, తెమ్మంది.

పెదనాన్న