కాఫీ హౌస్‌లో ఫ్లాష్ వద్దు

మా నాన్నగారు భిలాయి ఉక్కు కర్మాగారంలో రిటైరయ్యారు. సెక్టర్ 4లోని ఇల్లు ఖాళీ చేసి, విశాఖలో మా దగ్గరకు రావడానికి కిందటి డిసెంబరులో ఒప్పుకున్నారు. బయలుదేరే ముందురోజు సాయంత్రం, తాను ఏళ్ల తరబడి స్నేహితులతో కూర్చున్న ఇండియన్ కాఫీ హౌస్‌కు తీసుకెళ్లమన్నారు. ఆ బల్ల దగ్గర ఆయన ఫొటో తీయాలని నా కోరిక. మళ్లీ అవకాశం రాదు.

1957లో కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లను మూసేస్తుంటే, ఏ.కె. గోపాలన్ అండతో కార్మికులే సహకార సంఘాలు పెట్టుకుని వాటిని నడిపారు. విసనకర్రలా విచ్చుకున్న తెల్ల తలపాగాతో కాఫీ తెచ్చిపెడుతుంటే, మనమేదో దర్బారులో ఉన్నట్టే!

హాలు మసకగా ఉంది. మొదట ఫ్లాష్ వేశాను. నాన్నగారి ముఖం సున్నం కొట్టిన గోడలా వచ్చింది, వెనకంతా చీకటి. ఫ్లాష్ వెలుగు దూరం రెట్టింపైతే నాలుగో వంతే మిగులుతుంది మరి.

"ఆ మెరుపు ఆపరా బాబూ" అన్నారు కళ్లు నులుముకుంటూ.

ఆపేశాను. ఐఎస్‌ఓ 1600, లెన్స్ ఎఫ్ 1.8, షట్టర్ సెకనులో 50వ వంతు. ఈ 50 ఊరికే పెట్టింది కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. షట్టర్ మరీ వేగంగా పెడితే ఫొటోలో చారలు పడతాయి. 50వ వంతులో సరిగ్గా రెండు మినుకులు పడతాయి, చారలుండవు. చెయ్యి వణక్కుండా మోచేతులు బల్లకు ఆనించాను.

ఇంకో తిప్పలు తలపాగాతో. హాలు చీకటిగా ఉందని కెమెరా తనంతట తాను వెలుగు పెంచేస్తుంది, తెలుపులో మడతలన్నీ మాయమవుతాయి. ఎక్స్‌పోజర్ మైనస్ 1కి తగ్గించాను. ఫోనులో నైట్ మోడ్ వాడేవారు గమనించండి: అది వరసగా చాలా ఫొటోలు తీసి కలుపుతుంది కాబట్టి, నడిచే మనిషి దెయ్యంలా వస్తాడు.

కిటికీ వెలుగు పక్క కుర్చీ మీద పడుతోంది. అందులోకి జరగమన్నాను.

"అది మా ఫోర్‌మన్‌ది" అన్నారు. ఆయన పోయి రెండేళ్లయింది.

ఇక జరగాల్సింది నేనే. బల్లకు అటువైపు వెళ్లాను. ఇప్పుడు కిటికీ నాన్నగారి వెనగ్గా వచ్చి, కప్పు మీది ఆవిరి వెలిగింది. కప్పు పెదవుల దగ్గర ఆగిన క్షణంలో నొక్కాను. ఫొటోలో కాస్త గరుకు ఉంది, ముఖం సగం నీడలో ఉంది.

కెమెరా అందుకుని నాన్నగారు చాలాసేపు చూశారు.

"కుర్చీ కూడా పడింది" అన్నారు.