కువైట్ జీతం ఏ ఖాతాలో వేయాలి?

ప్రశ్న: మా ఆయన కువైట్‌లో పనికి వెళ్తున్నారు. పాత సేవింగ్స్ ఖాతాకే డబ్బు పంపి, ఏటీఎం కార్డు నా దగ్గర ఉంచితే చాలదా?
– ఒక గృహిణి, వాకాడు

జవాబు: చాలదమ్మా. ఉద్యోగానికి విదేశం వెళ్లినవారు ఫెమా (విదేశీ మారకద్రవ్య నిర్వహణ) చట్టం లెక్కలో ప్రవాసులు. ఆ సంగతి బ్యాంకుకు చెప్పి పాత ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్పించుకోవాలి. పొలం కౌలు, ఇంటి అద్దె వంటి ఇక్కడి రాబడికి అది సరిపోతుంది గానీ, దాని వడ్డీలో మామూలుగా 30 శాతానికి పైనే పన్ను కింద పట్టుకుంటారు. జీతానికి వేరుగా ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరిస్తే ఆ వడ్డీకి ఇక్కడ ఆదాయపు పన్ను లేదు.

పాత ఖాతాతోనే ఎందరో నెట్టుకొస్తున్నారుగా అంటారేమో. నిజమే, కేవైసీ అడిగేదాకా నడుస్తుంది. అది పూర్తికాక ఖాతా ఆగిన రోజున సంతకం పెట్టాల్సిన మనిషి కువైట్‌లో ఉంటారు. కార్డు మీ చేతిలో ఉన్నా ఓటీపీ ఆయన ఫోనుకే పోతుంది. అందుకే బ్రాంచిలో మీ పేర మాండేట్ రాయించమనండి. అప్పుడు ఇంటి ఖర్చుకు మీ సంతకంతోనే డబ్బు తీయొచ్చు. బ్యాంకుతో పనిలేకుండా డబ్బు చేరవేసే హుండీవాడు గుమ్మం దాకా తెచ్చిస్తాడు, ఒప్పుకుంటా. కానీ అది చట్టవిరుద్ధం, పైగా రేపు స్థలం కొన్నప్పుడు సొమ్మెక్కడిదని అడిగితే చూపడానికి కాగితం ముక్క ఉండదు.