మెరుపు వేసే ఈల

మెరుపును మనం చూస్తాము, ఉరుమును వింటాము. అదే మెరుపు అత్యల్ప పౌనఃపున్య రేడియో తరంగాలను కూడ వెలువరిస్తుంది. వాటిని గూర్చి కొంత తెలుసుకొందాము.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో శత్రువుల టెలిఫోను సంభాషణలను రహస్యంగా వింటున్న జర్మన్ శాస్త్రజ్ఞుడు బార్క్‌హౌసెన్‌కు మాటల నడుమ వింత ఈలలు వినిపించాయి. ఆ సంగతిని ఆయన 1919లో ప్రకటించాడు. హెచ్చు స్థాయిలో మొదలై క్రమంగా దిగిపోయే ఆ ఈలల మర్మాన్ని 1953లో కేంబ్రిడ్జి పరిశోధకుడు స్టోరీ విప్పిచెప్పాడు. మెరుపు తరంగాలలో కొన్ని అయనావరణాన్ని దాటి, భూ అయస్కాంత బలరేఖల వెంట వేల కిలోమీటర్లు పయనించి, రెండవ అర్ధగోళంలో దిగుతాయి. దారిలోని ప్లాస్మాలో హెచ్చు పౌనఃపున్యాలు ముందు సాగుతాయి, తక్కువవి వెనుకబడతాయి. అందుచేతనే ఈల స్థాయి దిగుతుంది. అవి ఎంత వెనుకబడినవో కొలిస్తే, ఆ దారిలోని ఎలక్ట్రానుల సాంద్రత తెలుస్తుంది. 1957 నాటి తొలి కృత్రిమ ఉపగ్రహానికి ముందే, నేలపై నిలిచి అంతరిక్షాన్ని కొలిచే సాధనం మానవునికి లభించిందన్నమాట!

ఈ సాధనంతోనే 1963లో స్టాన్‌ఫర్డ్‌లో కార్పెంటర్, భూకేంద్రం నుండి సుమారు నాలుగు భూవ్యాసార్ధాల దూరంలో ఆ సాంద్రత హఠాత్తుగా పడిపోతున్నదని కనుగొన్నాడు. 1973 నుండి 1988 వరకు అంటార్కిటికాలోని సైపుల్ కేంద్రం నుండి శాస్త్రజ్ఞులే తరంగాలను పంపి, కెనడాలోని రోబర్వాల్‌లో అందుకొన్నారు. దారిలోని ఎలక్ట్రానుల శక్తిని గ్రహించి అవి బలపడుతున్నట్లు తేలింది.

ఇట్టి తరంగాలు వికిరణ మేఖలలలోని ఎలక్ట్రానులను కొన్నింటిని వాతావరణంలోకి జార్చగలవు. మరికొన్నింటిని వేగవంతం చేయగలవు. ఆ ఎలక్ట్రానులు ఉపగ్రహాల పరికరాలకు హాని చేస్తాయి. కనుక ఈ పరిశోధన కేవలం కుతూహలం కొరకు కాదు.

విద్యార్థి మిత్రులారా! సంభాషణకు అడ్డుతగిలిన శబ్దమే ఒక శాస్త్రానికి ద్వారం తెరిచింది. మన ప్రయోగశాలలోనూ అక్కరలేని శబ్దం వినిపించినప్పుడు, దానిని కొట్టివేయక, ఒకసారి చెవియొగ్గి విందాము.