కళ్లజోడు కొనేముందు తెర సంగతి చూడు

విజయవాడ

చిరంజీవి బుజ్జికి,

సాయంత్రమయ్యేసరికి నీ కళ్లు మండుతున్నాయనీ, కణతలు లాగేస్తున్నాయనీ, ప్రూఫులు చూస్తుంటే ఒకే వాక్యం రెండుసార్లు చదవాల్సి వస్తోందనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎవరో స్నేహితురాలు చెప్పిందని నీలికాంతిని ఆపే కళ్లద్దాలు కొనబోతున్నావట. కాస్త ఆగమ్మా. తెలుగు పుస్తకాల పేజీలు దిద్దే పనిలోనే నా జీవితం గడిచింది కాబట్టి ఈ ఒక్క విషయంలో నా మాట విను. ఆ డబ్బు ఖర్చుపెట్టేముందు నీ ఎదురుగా ఉన్న మానిటర్‌ని నీ గదికీ, నీ కంటికీ, నువ్వు చదివే తెలుగు అక్షరానికీ తగ్గట్టు సరిచేసుకో. ఎవరో దాన్ని పెట్టెలోంచి తీసి, వైర్లు తగిలించి, అలాగే వదిలేసి ఉంటారు. చాలామంది ఆ తర్వాత దాని అంచున ఉండే బటన్లు ఒక్కసారి కూడా నొక్కరు.

ముందు వెలుగు సంగతి. అసలు ఇబ్బందిలో సగం ఇక్కడే ఉంది. కొత్త మానిటర్ బ్రైట్‌నెస్ మామూలుగా బాగా ఎక్కువలోనే పెట్టి ఉంటుంది. షాపులో, అన్ని లైట్ల మధ్య నలుగురి కంటా పడటానికి అది పనికొస్తుంది. ఒక్క ట్యూబులైటు వెలిగే గదిలో అంత అక్కర్లేదు. ఇలా చెయ్యి. తెర మీద ఖాళీ పేజీ ఒకటి తెరువు. నువ్వు రోజూ పనిచేసే వెలుతురులోనే ఒక తెల్లకాగితాన్ని తెర అంచు పక్కన పట్టుకుని రెండింటినీ మార్చి మార్చి చూడు. కాగితం మసకగా కనిపించి, తెర కొట్టొచ్చినట్టు వెలుగుతుంటే బ్రైట్‌నెస్ తగ్గిస్తూ రా. తెర బూడిదరంగుకు తిరిగితే మరీ తగ్గించినట్టు, కొంచెం పెంచు. తెర కాగితంలా కనిపించాలి తల్లీ, ట్యూబులైటులా కాదు. నూరు మీద ఉన్న అంకె ముప్పై, నలభై దగ్గరికి దిగిందని కంగారుపడకు. మొదట్లో చీకటిగా ఉన్నట్టే ఉంటుంది. కాసేపటికి కన్ను అలవాటు పడుతుంది.

పగలు కిటికీ వెలుతురులో సరిపోయిన అంకె దీపాలు పెట్టే వేళకు ఎక్కువైపోతుంది. అందుకని సాయంత్రం మళ్లీ ఒకసారి కాగితం పట్టి చూసుకో. గదిలో లైటు ఆపేసి, ఒక్క తెర వెలుగులో పని చేసే అలవాటుంటే ఇవాళే మానెయ్యి. చుట్టూ చీకటి, మధ్యలో వెలుగు ఉంటే కన్ను ఆ రెంటి మధ్యా నలిగిపోతుంది. ఇంకో మాట. కొన్ని మానిటర్లు బ్రైట్‌నెస్ తగ్గించినప్పుడు లోపలి దీపాన్ని మనకు తెలియనంత వేగంగా ఆర్పుతూ వెలిగిస్తూ ఉంటాయి. కొందరికి దానితో తలనొప్పి వస్తుంది. ఫోన్ కెమెరా తెర వైపు పెట్టి చూసినప్పుడు నల్లటి పట్టీలు కదులుతుంటే నీదీ అలాంటిదే కావచ్చు. అప్పుడు తెర వెలుగు మరీ దించకుండా, గదిలోనే ఇంకో దీపం పెట్టుకో.

కాంట్రాస్ట్ జోలికి పెద్దగా వెళ్లనక్కర్లేదు. ‘డైనమిక్ కాంట్రాస్ట్’ అని ఉంటే ఆపెయ్. అది ఉంటే పేజీ మారినప్పుడల్లా వెలుగు దానంతటదే హెచ్చుతగ్గులవుతుంది. ‘షార్ప్‌నెస్’ ఎక్కువ పెడితే అక్షరం చుట్టూ తెల్లటి గీతలాంటిది పుడుతుంది, దాన్ని కూడా మధ్యస్థంగా ఉంచు.

ఇక నువ్వు కొనబోయిన అద్దాల సంగతి. తెర ముందు కళ్లు అలసిపోవడానికి కారణం నీలికాంతి కాదు. అమెరికా నేత్రవైద్యుల అకాడమీ ఈ అద్దాలను సిఫారసు చేయడం లేదు. అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను కలిపి 2023లో కాక్రేన్ సంస్థ చేసిన సమీక్షలో కూడా మామూలు అద్దాల కంటే వీటివల్ల కంటి అలసట తగ్గుతుందని తేలలేదు. రాత్రి పొద్దుపోయేదాకా పని ఉంటే విండోస్‌లో ‘నైట్ లైట్’ పెట్టుకో, తెర కాస్త పసుపు తిరిగి హాయిగా ఉంటుంది. దానికి పైసా ఖర్చు లేదు. ముఖచిత్రం రంగులు చూసేటప్పుడు మాత్రం అది ఆపడం మరిచిపోకు. లేకపోతే నీకు లేత గోధుమరంగుగా కనిపించినది ప్రెస్సులో తెల్లగా వస్తుంది.

ఇప్పుడు అక్షరం దగ్గరికి వస్తాను. ఇంగ్లీషు వాళ్ల కోసం రాసిన సలహాల్లో ఇది దొరకదు. మన అక్షరం పక్కకే కాదు, పైకీ కిందికీ కూడా పెరుగుతుంది. ‘స్త్రీ’ అని టైపు చేసి చూడు. పైన గుడిదీర్ఘం, నడుమ సకారం, కింద తవత్తు, దాన్ని చుట్టుకుని క్రావడి. విండోస్ మామూలు లెక్కలో 12 పాయింట్ల అక్షరానికి తెర మీద దక్కే ఎత్తు 16 చుక్కలు, అంటే పిక్సెళ్లు. ఆ పదహారు చుక్కల్లోనే ఈ అంతస్తులన్నీ ఇమడాలి. ఇంగ్లీషు ‘ఎ’కి ఆ చోటు సరిపోతుంది, మన క్రావడికి చాలదు. అందులోనూ నీది ప్రూఫులు చూసే పని. ద, ధల మధ్య తేడా అడుగున చిన్న గీత. ప, ఫల మధ్య కూడా అంతే. ప, షల తేడా పొట్టలో ఉంది. ఆ గీత రెండు చుక్కల పొడవుకు కుదించుకుపోయినప్పుడు దాన్ని వెతకడానికి నువ్వు ముందుకు వంగుతావు, కళ్లు చికిలిస్తావు, నుదురు ముడివేస్తావు. సాయంత్రం నీ కణతలు లాగేది అందుకే.

కాబట్టి పేజీ మొత్తం ఒకేసారి కనపడాలన్న ఆశ వదులుకో. పేజీమేకర్‌లోనైనా వర్డ్‌లోనైనా చదివేటప్పుడు 150 శాతానికో, ఇంకా పైకో జూమ్ పెట్టుకో. పేజీ అమరిక చూడాలనుకున్నప్పుడు మళ్లీ చిన్నది చేసుకోవచ్చు. విండోస్ సెట్టింగుల్లో మొత్తం తెర స్కేలు 125 శాతం చేసుకుంటే మెనూలు, ఫైళ్ల పేర్లు కూడా పెద్దవవుతాయి. రిజల్యూషన్ మాత్రం తగ్గించకు. అక్షరాలు పెద్దగా కనిపిస్తాయని కొందరు 1920 బై 1080 తెరను ఇంకా తక్కువకు దించుతారు. అప్పుడు అక్షరం పెద్దదయ్యే మాట నిజమే, కానీ అంచులు చెదిరి వత్తులన్నీ ముద్దయిపోతాయి. స్టార్ట్‌లో ‘క్లియర్‌టైప్’ అని వెతికితే నాలుగైదు నమూనాలు చూపించి ఏది స్పష్టంగా ఉందని అడుగుతుంది. నింపాదిగా చూసి నీ కంటికి నచ్చింది ఎంచుకో.

నల్లటి నేల మీద తెల్లక్షరాలు ఇప్పుడు ఫ్యాషన్‌గా ఉన్నాయి. ప్రూఫులకు వద్దని నా అభిప్రాయం. నల్లటి తెర ముందు కంటిపాప పెద్దదవుతుంది, సన్నని గీతలు అంత స్ఫుటంగా రావు. సిలిండర్ పవర్ ఉన్నవాళ్లకైతే తెల్లక్షరం అంచులు పొగచిమ్మినట్టు కనిపిస్తాయి. తెల్ల నేల మీద నల్లక్షరం పెట్టుకుని, ఆ తెలుపును నేను చెప్పినట్టు కాగితం స్థాయికి దించుకుంటే చాలు.

మానిటర్ నీకు చేయి చాచినంత దూరంలో, అంటే సుమారు 50 నుంచి 70 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. పై అంచు నీ కంటి ఎత్తుకు గానీ కొంచెం కిందికి గానీ రావాలి, పైభాగాన్ని కాస్త వెనక్కి వాల్చాలి. చూపు కిందికి ఉన్నప్పుడు పైరెప్ప కంటిని ఎక్కువ కప్పుతుంది, తడి త్వరగా ఆరిపోదు. తెర పైకి ఉంటే కళ్లు విప్పార్చి చూడాలి, మంట అక్కడ మొదలవుతుంది. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు మీ నాన్నగారి కంప్యూటర్ కూడా ఒకసారి చూడు. చత్వారం అద్దాల కింది భాగంలోంచి చదవడానికి ఆయన గడ్డం పైకెత్తి కూర్చుంటారు. ఆయనకు తెర ఇంకా కిందికి దించాలి.

మానిటర్ ఆపేసి, ఆ నల్లటి అద్దంలో ఏమేం కనిపిస్తున్నాయో చూడు. నీ వెనక కిటికీ గానీ, నెత్తిమీది ట్యూబులైటు గానీ కనిపిస్తే అది రోజంతా నీ అక్షరాల మీద పడుతున్నట్టే. కిటికీ నీ ఎదురుగా ఉండకూడదు, వెనకా ఉండకూడదు. పక్కన ఉండేట్టు బల్ల తిప్పుకో. ఏసీ గాలి, ఫ్యాను గాలి నేరుగా మొహానికి కొట్టకుండా జరిగి కూర్చో.

రచయితల రాతప్రతులను బల్ల మీద పరిచి పెట్టుకుంటావని నాకు తెలుసు, మన వాళ్లందరిదీ అదే పద్ధతి. చూపు కాగితానికోసారి, తెరకోసారి పరుగెడుతుంది, ప్రతిసారీ దూరం మారుతుంది, మెడ తిరుగుతుంది. కాగితాలు నిలబెట్టే స్టాండు ఒకటి కొని, తెర పక్కనే, తెర ఎత్తులోనే పెట్టుకో. ఆ కళ్లద్దాలకు పెట్టబోయిన డబ్బు దీనికి పెట్టు.

ఎంత సరిచేసినా రెప్ప వేయడం మరిచిపోతే లాభం లేదు. మామూలుగా నిమిషానికి 15 సార్ల దాకా రెప్ప వేసేవాళ్లం తెర ముందు కూర్చుంటే అందులో సగమే వేస్తాం, ఒక్కోసారి అంతకంటే తక్కువ. వేసినదీ పూర్తిగా మూయం. ఒక పేరా అయ్యాక కళ్లు నిండా మూసి తెరువు. ప్రతి 20 నిమిషాలకోసారి 20 అడుగుల అవతలి వస్తువును 20 సెకన్లు చూడమంటారు డాక్టర్లు. అంత దూరం చూస్తున్నప్పుడు కంటి లోపలి కండరం బిగువు సడలుతుంది. నీ గది చిన్నదైతే బాల్కనీలోకి వెళ్లి ఎదుటి మేడ చూడు.

మంట తగ్గుతుందని మందుల షాపులో అడిగి కంటి చుక్కలు వేసుకోకు. కొన్నిటిలో స్టెరాయిడ్లు ఉంటాయి, డాక్టరు చెప్పకుండా వాడితే కంటి లోపలి ఒత్తిడి పెరగవచ్చు, శుక్లాలు రావచ్చు. తెర చూసినందువల్ల చూపు పోతుందన్న భయం మీ అమ్మకుంది. అలా ఏమీ జరగదని తనకు గట్టిగా చెప్పు. కానీ చిన్న పవరు బయటపడకుండా ఉండి, రోజంతా తెర ముందు నిన్ను వేధిస్తూ ఉండవచ్చు. అది ఏ బటన్ నొక్కినా పోదు. హైదరాబాద్‌లోనే ఉన్నావు. 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి మీ బంజారాహిల్స్‌లోనే ఉంది. అక్కడైనా సరే, దగ్గరున్న మంచి డాక్టరు దగ్గరైనా సరే, ఈ నెలలోనే పరీక్ష చేయించుకో. రోజుకు ఎన్ని గంటలు, ఎంత దూరం నుంచి తెర చూస్తావో అడగకపోయినా చెప్పు. ఒకటి రెండుగా కనిపించినా, కన్ను నొప్పెట్టినా, దీపాల చుట్టూ వలయాలు వచ్చినా మాత్రం ఒక్కరోజు కూడా ఆగకు.

ఈ ఆదివారం పొద్దున్నే ఓ తెల్లకాగితం పట్టుకుని మానిటర్ ముందు కూర్చో. ఏ అంకె దగ్గర ఆగావో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ పెదనాన్న